పులులు నీవి, మేకలు నావి

సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు తప్పించుకోవాలనే చూశాను. నాకు కవిత్వం రాదు. కథ రాసేంత ఓపిక లేదు. "అయితే శనివారం రాత్రిళ్ళు గదిలో తలుపేసుకొని మీరు చేసే గోల సంగతే రాయవయ్యా, హాస్టలంతా అడుగుతున్నారు" అన్నారు. అది సబబుగానే తోచింది. తలుపు వేసుకునేది చలికి తప్ప దాచుకోవటానికి కాదని కూడా ఈ విధంగా తెలియజేసుకుంటున్నాను.

ముందు ఆటేమిటో చెప్పాలి. దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. తెలుగులో స్థిరపడిన పేరు లేదు. మేం పాత్రలాట అనుకుంటున్నాం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ, బల్ల లేకపోతే చాప మీద కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారుడు. మిగతా వారికి తలా ఒక పాత్ర వుంటుంది. ఆ పాత్ర బలమెంత, తెలివెంత, ప్రాణం ఎంత మిగిలిందన్నది ఒక కాగితం మీద అంకెల్లో రాసి వుంటుంది. సూత్రధారుడు చోటును వర్ణించి, జరుగుతున్నది చెప్పి, "నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. మీరు చెప్పాలి. చేసింది నెరవేరుతుందో లేదో అనుమానమైతే పాచిక వేయాలి. చాలినంత పడితే నెరవేరినట్టు, లేకపోతే లేదు. దాని ఫలితమేమిటో సూత్రధారుడు చెప్పి మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు. ఆటంతా ఇదే. నాటకంలో మాటలు ముందే రాసి వుంటాయి, కృష్ణుడు రాయబారానికి పోయి సంధి కుదుర్చుకొని రావటానికి వీల్లేదు. ఇందులో వీలుంది.

మనవాళ్ళకిది బొత్తిగా కొత్తేమీ కాదు. చిన్నప్పుడు చీటీలతో రాముడు–సీత ఆడనివారు మనలో ఎందరున్నారు? రాముడి చీటీ వచ్చినవాడు సీత ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి. సీత వచ్చినవాడు ముఖం మామూలుగా పెట్టుకోవాలి. ఆ ముఖం పెట్టటమే సగం నటన. ఇక బొమ్మల పెళ్ళిళ్ళలో కట్నం దగ్గర అలిగిన వియ్యంకుడి పాత్ర వేసిన వాళ్ళకు ఈ ఆట గురించి నేను చెప్పగలిగింది లేదు.

అయినా ఈ ఆటలోకి ఎవరూ తమంత తాము రారు. నాకు తెలిసిన పదిపన్నెండు మందిని అడిగి చూశాను: "నువ్వెట్టా వచ్చావు?" అని. పుస్తకం కొని చదివి వచ్చానన్నవాడు ఒక్కడూ లేడు. అన్న కూర్చోబెట్టాడనో, గదిలో స్నేహితుడు ఒకరు తక్కువయ్యారని పిలిచాడనో, చూస్తూ నిలబడితే కుర్చీ జరిపారనో చెప్పినవాళ్ళే. దీనికి కారణం వెతకబోతే నాకు మా వూరి అరుగు గుర్తొచ్చింది.

మాది గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక పల్లె. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలో వుండేవి. మా తాత ఇప్పటికీ మాట మధ్యలో "మన కర్నూలు జిల్లా" అంటాడు. మా రామాలయం అరుగు బండ మీద పులిజూదం గీతలు చెక్కి వుండేవి. ఒక పెద్ద ముక్కోణం, దాన్ని అడ్డంగా కోసే గీతలు, మొత్తం 23 కూడళ్ళు. ఒకరికి 3 పులులు, ఇంకొకరికి 15 మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. పక్క కూడలిలో మేక వుండి, దాని అవతలి కూడలి ఖాళీగా వుంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. మేక దేన్నీ చంపలేదు. మేకలన్నీ కూడి పులికి కదిలే చోటు లేకుండా కట్టేయాలి. ఆ గీతలకు ఆరేడు మైళ్ళ దూరంలో నిజం పులులు తిరిగే అడవి వుంది కాబట్టి మాకిదంతా చెప్పకుండానే అర్థమయ్యేది.

నాకెవరూ నియమాలు నేర్పలేదు. రెండు వేసవులు పక్కన నిలబడి చూశాను. ఒకరోజు తాతతో ఆడుతున్న ఆయన మార్కాపురం బస్సు వచ్చిందని ఆట మధ్యలో లేచిపోయాడు. తాత అటూ ఇటూ చూసి, వేరే దిక్కులేక నన్ను చూశాడు. "కూచో. పులులు నీవి, మేకలు నావి" అన్నాడు.

ఆ మాటలో ఎంత ఆలోచన వుందో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. కొత్తవాడికి పులులు సుళువు. మూడే వుంటాయి, ఎదురుగా మేక కనిపిస్తే దూకాలి, దూకితే సంతోషం వెంటనే దక్కుతుంది. మేకలు ఆడాలంటే ముందు నాలుగెత్తులు చూడాలి. తాత ఆ కష్టం తనమీద వేసుకున్నాడు. నేను పిచ్చి ఎత్తు వేస్తే "వెనక్కి తీసుకో" అన్నాడే గాని ఎందుకో చెప్పలేదు, నేనడిగాక చెప్పాడు. ఓడిపోయిన మర్నాడు మళ్ళీ పిలిచాడు. నెలరోజులకు మేకలిచ్చాడు.

ఇక రెండేళ్ళ కిందటి మాట. ఒక నగరంలో, ఒక ఆటల బృందం వాళ్ళు పాత్రలాట ఆడుతున్నారని విని, ఎంతో ఉత్సాహంగా పోయాను. వాళ్ళు మర్యాదస్తులే. కుర్చీ ఇచ్చారు, టీ ఇచ్చారు, నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టి నింపమన్నారు. అందులో గళ్ళు మన యూనివర్సిటీ దరఖాస్తు కంటే ఎక్కువ. నీ పాత్ర పూర్వ వృత్తాంతం ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. నేను టెన్త్‌ దాకా తెలుగు మీడియం. చదివితే అర్థమవుతుంది, రాయమంటే రాస్తాను. నలుగురి ముందు అప్పటికప్పుడు కల్పించి చెప్పమంటే గొంతు పట్టేస్తుంది. నింపటానికి రెండు గంటలు పట్టింది. తర్వాత మూడు గంటల ఆటలో నా వంతు నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ "ఐ అటాక్" అన్నాను. నన్నెవరూ నవ్వలేదు, ఒక్క మాట అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చొని, ఈ ఆట మనలాంటి వాళ్ళది కాదులే అని తేల్చుకున్నాను. ఏడాది దాకా దాని జోలికి పోలేదు.

మళ్ళీ తెచ్చింది మా హాస్టల్ సీనియర్ ఒకాయన. భోజనాలయ్యాక "ఒక గంట కూర్చోరా, ఒకడు తగ్గాడు" అన్నాడు. నాకు రాదన్నాను. "రావలసిందేం లేదు" అని అరకాగితం ఇచ్చాడు. అందులో తెలుగులో నాలుగు ముక్కలు, మూడు అంకెలు, అంతే. అన్నీ ఆయనే ముందుగా రాసి పెట్టాడు. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలాడు. "నువ్వు కంభం చెరువు కట్టకు కావలివాడివి. పేరు నీ ఇష్టం. అర్ధరాత్రి. కట్ట అవతలి కొస నుంచి ఎవరో మట్టి తవ్వుతున్న చప్పుడు వస్తోంది. నువ్వేం చేస్తావు?"

ఆ చెరువు నేను చూసిందే. విజయనగర రాజుల కాలంలో, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట అది. కట్ట తెగితే కింద ఏయే వూళ్ళు పోతాయో నాకు తెలుసు. అందుకని ఆలోచించకుండానే "ముందు లాంతరు ఆర్పేస్తాను" అన్నాను. "ఎందుకు?" అన్నాడాయన. "వాళ్ళు నాకు కనపడాలి, నేను వాళ్ళకు కనపడకూడదు." గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నావైపు తిరిగారు. పాచిక వేయమన్నారు. 20 ముఖాల పాచిక నేను చేత్తో పట్టుకోవటం అదే మొదలు. 17 పడింది. ఆ అంకె ఈనాటికీ నాకు జ్ఞాపకం. నా ఇంటర్ మార్కులు మాత్రం లేవు.

ఈ రెండు రాత్రులకూ తేడా ఆటలో లేదు. నియమాలు దాదాపు ఒకటే. ఒకచోట నాకు మేకలిచ్చారు, ఇంకోచోట పులులిచ్చారు.

తర్వాత ఈ ఆట చరిత్ర చదివితే, ఇది పుట్టింది కూడా ఇట్లాగేనని తెలిసింది. 19వ శతాబ్దం మొదట్లో ప్రష్యా సైన్యంలో అధికారులకు యుద్ధవిద్య నేర్పటానికి పటాల మీద దిమ్మెలు కదిపే ఆట వుండేది. అందులో మధ్యవర్తి ఒకడు వుండేవాడు. ఆ జాతి యుద్ధపుటాటలు సరదాగా ఆడేవారు అమెరికాలో చాలామంది వున్నారు. 1969లో మినెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే అతను ఒక ఆట నడుపుతూ, దళాలకు బదులు ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చాడు. ఆడేవాళ్ళు నియమాల్లో లేని పనులన్నీ చేస్తామన్నారు. అతను అప్పటికప్పుడు తోచిన తీర్పులు చెప్పుకుంటూ పోయి, ఆట చెడిపోయిందనుకున్నాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు. వారిలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతను దాన్ని కోటలు, సొరంగాలు, భూతాల లోకంగా పెంచి, 1972లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా వెళ్ళి గ్యారీ గైగాక్స్‌కు ఆడి చూపించాడు. వీరిద్దరి పేర్లతో 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె, మొదటి ముద్రణ 1000 ప్రతులు. చూడండి: వెస్లీ ఆర్నెసన్‌ను కూర్చోబెట్టాడు, ఆర్నెసన్ గైగాక్స్‌ను కూర్చోబెట్టాడు. పుస్తకం ఆ తర్వాత వచ్చింది.

ఆ పుస్తకంతో చిక్కేమిటంటే, అప్పటికే ఆట తెలిసినవాడికి తప్ప అర్థం కాదు. అందుకని 1977లో ఎరిక్ హోమ్స్ అనే నాడీవైద్య ఆచార్యుడు కొత్తవాళ్ళ కోసం దాన్ని సులభం చేసి రాశాడు. 1983లో ఫ్రాంక్ మెంట్జర్ చేసిన ఎర్ర పెట్టె ఇంకా ఒక అడుగు ముందుకు పోయింది. అందులో పాఠకుడు ఒంటరిగా కూర్చొని చదువుతుంటే, పుస్తకమే సూత్రధారుడై గుహలోకి తీసుకుపోతుంది. దారిలో అలీనా అనే అమ్మాయి కలిసి, గాయం మాన్పి, ఆట మర్మాలు చెబుతుంది. కొంచెం సేపటికి బార్గిల్ అనే మాంత్రికుడు ఆమెను చంపేస్తాడు. నలభయ్యేళ్ళు దాటినా ఆ బార్గిల్ మీద కక్ష తీరనివాళ్ళు ప్రపంచంలో ఇప్పటికీ వున్నారు. పక్కన మనిషి లేకుండా కూర్చోబెట్టాలంటే కాగితం మీదనైనా ఒక మనిషిని పుట్టించాల్సి వచ్చింది.

ఈమధ్య వాళ్ళను కూర్చోబెడుతున్నది తెర. 2015 నుంచి క్రిటికల్ రోల్ అనే కార్యక్రమంలో వృత్తి నటులు ఈ ఆట ఆడుతూ లోకానికి చూపిస్తున్నారు. 2016లో వచ్చిన స్ట్రేంజర్ థింగ్స్‌లో పిల్లలు ఆడటం చూసి మన హాస్టల్‌కు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు. మంచిదే గాని ఇందులో ఒక ఇబ్బంది. ఆ నటుల్లాగ గొంతు మార్చి మాట్లాడాలేమోనని కొత్తవాళ్ళు హడలిపోతున్నారు. అక్కర్లేదు. "మా కావలివాడు దీపం ఆర్పుతాడు" అన్నా చాలు.

పెద్దల అభ్యంతరాల గురించి ఒక మాట. పులిజూదంలో జూదం అన్న మాట వుంది కాబట్టి మా నాయనమ్మకు అది గిట్టేది కాదు. పైసా పందెం లేదని తాత ఎంత చెప్పినా వినేది కాదు. పాచిక కనపడితే శకుని గుర్తుకొచ్చే దేశం మనది. అమెరికాలో ఇంతకంటే పెద్ద రభసే జరిగింది. 1980లలో ఈ ఆట పిల్లలను సైతాను ఆరాధనలోకి దింపుతోందని సంఘాలు పెట్టి ప్రచారం చేశారు. ఆ భయాలకు ఆధారాలు నిలవలేదు. ఆట మాత్రం ఆ గొడవతో మరింత అమ్ముడుపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కిందటి సంక్రాంతికి వూరికి పోతే అరుగు మీద గీతలు లేవు. గుడి బాగుచేసి, అరుగంతా నున్నటి టైల్స్ పరిచారు. ఎవరినీ తప్పు పట్టటానికి లేదు, అందరం తలా ఇంత చందా వేసుకున్నదే. తాతతో ఆడేవాళ్ళు కూడా లేరు. ఒకాయన పోయాడు, ఒకాయన కొడుకు దగ్గర హైదరాబాదులో వున్నాడు. వానల్లేని ఏడు మావైపు పల్లెల్లో అరుగుల మీద మిగిలేది ముసలివాళ్ళే, ఆ ముసలివాళ్ళకూ జత దొరకటం లేదు. తాత టైల్స్ మీద జారిపోతుందని గోడకానుకొని వూరికే కూర్చుంటున్నాడు.

ఇంట్లో అటక మీద మార్కాపురం పలకలు నాలుగు దొరికాయి. చెక్క చట్రం వున్న అసలు రాతిపలకలు. ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ రాకముందు తెలుగు దేశమంతా ఆ రాతి మీదే అ ఆలు దిద్దింది. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా నేలకూ గోడలకూ పరిచే బండలుగా పోతోంది. ఒక పలక మీద బలపంతో పులిజూదం గీశాను. రెండాటలు ఆడాం, రెండూ తాతే గెలిచాడు. మూడో రాత్రి మా చెల్లెల్నీ, అత్త పిల్లలిద్దర్నీ కూడా పిలిచి మిగతా పలకల మీద పాత్రలు రాశాను. తాత ముక్కు విరిచాడు.

"ఇందులో గెలిచేదెవురు?"

"ఎవరూ గెలవరు తాతా."

"మరి ఓడేదో?"

"ఓడేవాళ్ళూ లేరు."

"అట్టాంటి దానికి కూచోటం ఎందుకురా? సరేలే, కానియ్. నేను మేకల కాపరిని."

పాచికలు లేవు. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీశాం. ఇక్కడ కొంచెం లెక్క వుంది. 20 ముఖాల పాచికలో ఏ అంకె పడే అవకాశమైనా సమానం, నూటికి 5. గవ్వలు అట్లా కాదు. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు పడే తీరులు 16. అందులో రెండు వెల్లకిలా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగూ వెల్లకిలా ఒక్కటి, నాలుగూ బోర్లా ఒక్కటి. అంటే నడిమి ఫలితాలు ఎక్కువ, అద్భుతాలు తక్కువ. మూడు గాని అంతకు మించి గాని పడాలంటే 16కి 5 మాత్రమే. కష్టమైన పనికి మూడు, మామూలు పనికి రెండు అని పెట్టుకున్నాం. పాచికలు లేవని ఆగిపోనక్కర్లేదు. 1979లో పాచికలకు కొరత వచ్చి, ఆ అమెరికా కంపెనీయే పెట్టెలో అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి, కప్పులో వేసి తీసుకోమంది.

కథ నల్లమలలో పెట్టాను. చీకటి పడింది, మేకల దొడ్డి చుట్టూ పులి తిరుగుతోంది. నువ్వేం చేస్తావు? పిల్లలు గొడ్డళ్ళు తీస్తామన్నారు. తాత వారించాడు. "ఒక మేకను బయటికి వదులుదాం. పులి దాని మీదికి వస్తాది. రాంగానే మూడు పక్కలా కమ్ముకుందాం." అది అచ్చంగా అరుగు మీది ఎత్తు, ఒక మేకను ఇచ్చి పులిని మూలకు లాగటం. నాకు ముచ్చటేసింది. అప్పుడు మా చెల్లెలు, నలుగురిలో నోరు విప్పనిది, మెల్లగా "ఆ మేక పేరేంది?" అంది.

నేను పేరు పెట్టలేదు. నువ్వే పెట్టమన్నాను. గౌరి అంది. ఇక ఆ తర్వాత గౌరిని వదలటానికి ఎవరూ ఒప్పుకోలేదు. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. "పేరెందుకు పెట్టినావే, ఆట చెడగొట్టినావు!" అని తాత నిజంగానే కేకలేశాడు. చెల్లెలు తగ్గలేదు. ముప్పావు గంట వాదించుకున్నారు. నేను గవ్వలు పట్టుకొని చూస్తూ కూర్చున్నాను. చివరకు తాతే దొడ్డి వాకిట్లో మంట వేసి, డబ్బాలు మోగిద్దామన్నాడు. గవ్వలు వేశాడు. రెండు పడ్డాయి. మామూలు పనే కాబట్టి చాలింది. పులి పోయింది, కాని ఎంతో దూరం పోలేదన్నాను.

పలకతో సుఖమేమిటంటే, ప్రాణం తగ్గినప్పుడల్లా వేలితో తుడిచి మార్చుకోవచ్చు. కాగితం రబ్బరు దెబ్బకు చిరుగుతుంది. మర్నాడు పొద్దున తాత పళ్ళు తోముకుంటూ, "ఒరేయ్, మన మేకలు ఎట్టుండాయి?" అన్నాడు.

అందుకని కొత్తవాళ్ళను కూర్చోబెట్టే మిత్రులకు నాకు తెలిసింది చెబుతాను. పాత్ర మీరే రాసి పెట్టండి, పేరు మాత్రం వాళ్ళకు వదలండి. గంటకు మించొద్దు. నియమాల పుస్తకం కళ్ళబడనీయొద్దు. వాళ్ళకు తెలిసిన చోట కథ పెట్టండి. డ్రాగన్‌కేం తొందర, వచ్చే నెల వస్తుంది. ముఖ్యంగా ఇంటిభాషలో ఆడండి. 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాలను ఎవరైనా వాడుకొని, అనువదించుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు. మూలం ఎవరిదో పేర్కొంటే చాలు. మేం పది పేజీలు తెలుగు చేశాం. 'సేవింగ్ త్రో' దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాం. మంచి మాట తట్టినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

శనివారం రాత్రి, భోజనాలయ్యాక. ఇద్దరికి చోటుంది. పలకలు వూరినుంచి తెచ్చాను. బలపాలు మీరు తెచ్చుకోవాలి.